ప్రెస్‌లో మిగిలే కాగితం కటింగ్‌ను పీపీలో ఫిల్లర్‌గా కలపవచ్చా?

మీ ప్రశ్న సారాంశం ఇదీ. నోట్‌బుక్కుల ప్రెస్‌లో రోజూ కొన్ని బస్తాల కాగితం కటింగ్ మిగులుతోంది. మీ బంధువుల ఇంజెక్షన్ మోల్డింగ్ యూనిట్‌లో పీపీకి, అంటే పాలీప్రొపిలిన్ ప్లాస్టిక్‌కు, ఇప్పుడు 30 శాతం టాల్క్ అనే రాతి పొడిని ఫిల్లర్‌గా, అంటే ప్లాస్టిక్ వాడకం తగ్గించే పొడిగా, కలుపుతున్నారు. ఆ టాల్క్ బదులు ఈ కాగితాన్ని పొడి చేసి 40 శాతం దాకా కలిపితే బకెట్లు, కుర్చీలు, ఎగ్జామ్ ప్యాడ్లు తీయొచ్చా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఎగ్జామ్ ప్యాడ్లకు బాగా పనికొస్తుంది. బకెట్లకు, కుర్చీలకు వద్దు. 40 శాతం ఆశ పెట్టుకోకండి. 20తో మొదలుపెట్టి 30 దగ్గర ఆగండి. కాగితం పొడిని నేరుగా మోల్డింగ్ మెషిన్ హాపర్‌లో పోస్తే పని జరగదు, ముందు ట్విన్ స్క్రూ (రెండు స్క్రూల ఎక్స్‌ట్రూడర్) మీద కాంపౌండ్ చేయించి, అంటే కరిగించి కలిపించి, దానా (గింజలు) తీయాలి. మీరు అడగని సంగతి ఒకటి కూడా ఉంది: తెల్ల కటింగ్ ఇందులో వేయకండి, లామినేషన్ ఉన్న కవర్ల కటింగ్ వేయండి. ఎందుకో కింద చెబుతాను.

ఈ పని మొదలుపెట్టేవాళ్లు చాలామంది ఫార్ములా అడుగుతారు. ఎంత పీపీ, ఎంత కాగితం, ఏ కెమికల్ అని. ఫార్ములా సులువే, అదీ ఇస్తాను. కానీ పని నిలబడేదీ చెడేదీ రెండు చోట్ల. కాగితంలో నీళ్లు లేకుండా చేయడం ఒకటి. ఉండ కట్టని కాగితాన్ని స్క్రూలోకి ఒకే వేగంతో పంపడం రెండోది. ఈ రెండూ కుదరకపోతే పీచును ప్లాస్టిక్‌కు అతికించే కప్లింగ్ ఏజెంట్ ఎంత ఖరీదైనది వేసినా దానా పనికిరాదు.

టాల్క్‌కూ కాగితానికీ తేడా

టాల్క్ సాంద్రత సుమారు 2.75. కాగితంలోని సెల్యులోజ్‌ది 1.5. పీపీది 0.905. మీరు అమ్మేది కిలోల లెక్కన కాదు, ముక్కల లెక్కన. కాబట్టి ఒక్క ముక్కలో ఎంత ప్లాస్టిక్ పడుతోందో చూడాలి. 35 సెంటీమీటర్ల పొడవు, 24 వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న ఎగ్జామ్ ప్యాడ్ ఘనపరిమాణం దాదాపు 250 సీసీ. ఉత్త పీపీతో తీస్తే 226 గ్రాములు. 30 శాతం టాల్క్ ఉంటే ప్యాడ్ బరువు 283 గ్రాములకు పెరుగుతుంది, అందులో పీపీ 198 గ్రాములు. 30 శాతం కాగితం ఉంటే బరువు 257 గ్రాములు, అందులో పాలిమర్ 180 గ్రాములు. అంటే అదే 30 శాతానికి కాగితం టాల్క్ కంటే ఎక్కువ ప్లాస్టిక్‌ను తప్పిస్తోంది, ప్యాడ్ కూడా తేలిగ్గా ఉంటుంది. కాగితంలో అసలు లాభం ఇక్కడే ఉంది. కిలో ధర చూసి టాల్క్‌తో పోలిస్తే ఇది కనబడదు.

రెండో తేడా, కాగితంలో ఉండేది పీచు. సన్నగా, పొడుగ్గా ఉండే పీచు ప్లాస్టిక్‌కు పట్టుకుంటే గట్టిదనంతో పాటు బలం కూడా ఇస్తుంది. అమెరికాలో మాడిసన్ నగరంలోని ఫారెస్ట్ ప్రొడక్ట్స్ లేబొరేటరీ 1990ల మొదట్లోనే పాత న్యూస్‌పేపర్ పీచుతో పీపీ కాంపౌండ్లు చేసి ఈ సంగతి చూపించింది. అయితే పీచు ప్లాస్టిక్‌కు పట్టుకోవాలి, అదీ దానంతట అది పట్టుకోదు. సెల్యులోజ్ నీటిని ఇష్టపడే పదార్థం, పీపీ నీటిని దగ్గరికి రానివ్వదు. వీటిని కలిపేదే కప్లింగ్ ఏజెంట్.

ఏ కాగితం

మాప్లితో అనే రాత కాగితం తెల్ల కటింగ్‌కు పేపర్ మిల్లుల్లో మంచి ధర పలుకుతుంది. దాన్నుంచి మళ్లీ తెల్ల కాగితమే వస్తుంది. దాన్ని ప్లాస్టిక్‌లో కలిపేస్తే తిరిగి కాగితంగా మారే దారి మూసుకుపోతుంది. డబ్బు పరంగానూ నష్టమే, చేస్తున్న పని పరంగానూ తప్పే. ఆ బస్తాలు మిల్లుకే పంపండి.

మిల్లు వాళ్లు మొహం చిట్లించేది లామినేషన్ చేసిన కవర్ కటింగ్‌కు. నోట్‌బుక్ కవర్ మీద మెరిసే ఆ ఫిల్మ్ చాలా సందర్భాల్లో బీఓపీపీ, అంటే అదీ పీపీయే. కాగితం మిల్లుకు అడ్డమైన ఫిల్మ్ పీపీ కాంపౌండ్‌లో కరిగి కలిసిపోతుంది. మధ్యలో ఉండే కొద్దిపాటి జిగురు ఇబ్బంది పెట్టదు. ఫిన్లాండ్‌కు చెందిన యూపీఎం కంపెనీ లేబుళ్ల తయారీలో మిగిలే కాగితం-ప్లాస్టిక్ ముక్కలతో ప్రొఫై పేరుతో డెక్ బోర్డులు చేసిందీ ఇలాంటి ఆలోచనతోనే. కాగితం, ప్లాస్టిక్ విడదీయలేనంతగా అతుక్కున్న చెత్తకు కాంపోజిట్ సరైన చోటు.

అయితే మీ లామినేషన్ ఫిల్మ్ బీఓపీపీ అవునో కాదో చూసుకోండి. కవర్ ముక్కను వేడినీళ్లలో నానబెట్టి ఫిల్మ్ వొలిచి, కాగితం పీచు లేకుండా రుద్ది, గ్లాసు నీళ్లలో ముంచి వదలండి. బుడగలు అంటుకుని తేలినట్టు కనిపించొచ్చు, అందుకే నీళ్లలో ఒక చుక్క డిష్‌వాష్ లిక్విడ్ వేయండి. పైకి తేలితే పీపీ. మునిగితే పెట్ (నీళ్ల సీసాల ప్లాస్టిక్) లేదా పీవీసీ. పెట్ 250 డిగ్రీల దాకా కరగదు కాబట్టి ముక్కలో రేకుల్లాగే మిగిలి, అక్కడి నుంచే విరుగుతుంది. పీవీసీ అయితే ఇంకా ప్రమాదం, వేడికి ఆమ్లం వదిలి స్క్రూను, మోల్డును తినేస్తుంది. ఈ పరీక్ష ప్రతి కొత్త ఫిల్మ్ రోల్‌కూ చేయాలి.

మిగతా రకాల గురించి రెండు ముక్కలు. న్యూస్‌ప్రింట్, క్రాఫ్ట్ అట్టపెట్టెలు పీచుకు మంచివి, రంగు గోధుమ లేదా బూడిద వస్తుంది. న్యూస్‌ప్రింట్‌లో లిగ్నిన్ (చెక్కలో ఉండే బంధక పదార్థం) ఎక్కువ కాబట్టి ఎండలో రంగు మారుతుంది. ఆర్ట్ పేపర్ పూతలో సున్నపురాయి పొడి, చైనా క్లే ఎక్కువగా ఉంటాయి, అందువల్ల పీచు తక్కువ, బలం తక్కువ, బరువు ఎక్కువ. ఏటీఎం, బిల్లు రసీదుల థర్మల్ పేపర్ ఒక్క ముక్క కూడా రానివ్వకండి, దాని పూతలో బిస్‌ఫినాల్ రకం రసాయనాలు ఉంటాయి. పేపర్ మిల్లు స్లడ్జ్ ఉచితంగా వస్తుందని ఆశపడతారు కొందరు. సగానికి పైగా నీళ్లే. ఆరబెట్టే ఖర్చులోనే లాభం ఆవిరైపోతుంది.

స్టేపుల్ పిన్నుల సంగతి మరవకండి. గ్రైండర్‌కు ముందు ఒక మాగ్నెట్, తర్వాత ఒకటి.

ఎంత సన్నగా కొట్టాలి

"పొడి చేసి" అన్నారు. పొడి చేయకూడదు. కాగితాన్ని పిండిలా కొడితే పీచు తెగి ఉత్త ఫిల్లర్‌గా మిగులుతుంది. అప్పుడు టాల్కే నయం. మన మిల్లులు వాడే సుబాబుల్, యూకలిప్టస్ పీచు మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది, అసలే పొట్టి. స్క్రూలో ఇంకా తెగుతుంది. ముందు ష్రెడ్డర్‌లో పేలికలు చేసి, తర్వాత నైఫ్ మిల్లు లేదా హేమర్ మిల్లులో 3 నుంచి 4 మిల్లీమీటర్ల జల్లెడ పెట్టండి. బయటికి వచ్చేది చేతికి దూదిలా తగలాలి, చిటికెతో నలిపితే పీచుపీచుగా విడిపోవాలి. ఇంకా చిన్న చిన్న కాగితం ముక్కలు కనబడుతున్నాయంటే అవి దానాలో తెల్ల చుక్కలై తేలతాయి.

కాగితం దుమ్ము మండుతుంది. మిల్లులో పిన్ను తగిలి నిప్పురవ్వ లేస్తే, గాలిలో తేలే ఆ నుసి ఒక్కసారిగా అంటుకుంటుంది. మిల్లుకు, పైపులకు ఎర్తింగ్ ఉండాలి. దుమ్ము లాగే బ్లోవర్, బ్యాగ్ ఫిల్టర్ ఉండాలి. షెడ్డులో దూలాల మీద పేరుకున్న నుసిని వారానికోసారి తుడిపించాలి. ఊడ్చి గాలికి లేపడం వద్దు, వాక్యూమ్ పెట్టండి.

నీళ్లు

బయట పొడిగా కనిపించే కాగితంలో కూడా 6 నుంచి 7 శాతం తేమ ఉంటుంది. వానాకాలంలో, అందులోనూ విజయవాడ, విశాఖ లాంటి చోట్ల 10 శాతం దాకా పోతుంది. దీన్ని ఆవిరి లెక్కలోకి మార్చి చూడండి. ఒక కిలో నీళ్లు 180 డిగ్రీల దగ్గర దాదాపు 2,000 లీటర్ల ఆవిరి అవుతాయి. 100 కిలోల కాగితంలో 7 కిలోల నీళ్లుంటే 14,000 లీటర్ల ఆవిరి. అదంతా కరిగిన ప్లాస్టిక్ మధ్యలోంచి బయటికి రావాలి. రాలేనిది బుడగలై దానాలో ఉండిపోతుంది. మోల్డింగ్‌లో వెండి చారలు, లోపల బొరియలు, నాజిల్ దగ్గర కారడం అన్నీ దీని పనే.

105 డిగ్రీల దగ్గర వేడిగాలి ట్రే డ్రయ్యర్‌లో, ట్రేకు రెండు మూడు అంగుళాల మందం మించకుండా పరిచి 4 నుంచి 6 గంటలు ఆరబెట్టాలి. మధ్యలో ఒకసారి తిరగేయాలి. గుట్టగా పోస్తే పైపొర ఆరుతుంది, నడుమ తడి అలాగే ఉంటుంది. వెంట్ ఉన్న ట్విన్ స్క్రూకు పంపేటప్పటికి తేమ 1 శాతం లోపల ఉండాలి. కొలవడానికి పెద్ద పరికరం అక్కర్లేదు. 10 గ్రాముల శాంపిల్‌ను మూత ఉన్న చిన్న అల్యూమినియం డబ్బాలో తూచి, మూత తీసి 105 డిగ్రీల ఓవెన్‌లో 2 గంటలు ఉంచి, మూత పెట్టి చల్లార్చి మళ్లీ తూయండి. 0.1 గ్రాము తగ్గితే 1 శాతం. త్రాసు 0.01 గ్రాము వరకు చూపించేది కావాలి.

ఆరిన పీచును గాలికి వదిలితే చాలా వేగంగా తేమ పీల్చుకుంటుంది. పొద్దున ఆరబెట్టి, టీ తాగొచ్చి, మధ్యాహ్నం ఎక్స్‌ట్రూడర్‌లో పోస్తే పొద్దుటి పనంతా వృథా. డ్రయ్యర్‌లోంచి వేడిగానే తీసి మందపాటి పాలిథిన్ లైనర్ సంచుల్లో కట్టండి, ఎప్పుడు వాడతారో అప్పుడే విప్పండి.

పీవీసీ పైపు ఫ్యాక్టరీల్లో ఉండే హై స్పీడ్ హీటర్-కూలర్ మిక్సర్ దొరికితే అది ఇంకా మంచిది. ముందు కాగితం ఒక్కటే వేసి తిప్పితే రాపిడి వేడికి 110, 120 డిగ్రీలకు చేరి ఆవిరి మూత వెంట్ నుంచి పోతుంది. ఆవిరి రావడం ఆగాక పీపీ పౌడర్, ఎంఏపీపీ (కప్లింగ్ ఏజెంట్, వివరం కింద ఉంది) వేయాలి. పీపీ మెత్తబడి కాగితాన్ని చిన్న గుళికల్లా కూడగట్టగానే కూలర్‌లోకి దింపేయాలి. ఆరబెట్టడం, ఫీడింగ్ రెండు సమస్యలూ ఒక్క చోటే తీరతాయి. మోటార్ ఆంపియర్లు ఒక్కసారిగా లేచినప్పుడు దింపాలి. ఆలస్యమైతే గిన్నెలోనే ముద్ద కడుతుంది.

ఫిల్మ్ స్క్రాప్ చేసేవాళ్ల దగ్గర ఫిల్మ్‌ను రాపిడి వేడితో గింజ కట్టించే అగ్లో మెషిన్ ఉంటుంది, దాంతో చేయొచ్చా అని కూడా అడుగుతుంటారు. చేయొచ్చు. కానీ అగ్లోలో మాల్ (సరుకు) గింజ కట్టడానికి చివర్లో చెంబుడు నీళ్లు చల్లుతారు. ఆ అలవాటు ఇక్కడ పూర్తిగా మానాలి. కాగితం ఆ నీళ్లన్నీ తాగేస్తుంది.

ఫార్ములా, 100 కిలోలకు

ఎంఎఫ్ఐ (కరిగాక ఎంత సులువుగా పారుతుందో చెప్పే అంకె) 12 నుంచి 20 మధ్య ఉన్న పీపీ 66 కిలోలు. ఆరిన కాగితం పీచు 30 కిలోలు. మాలియిక్ యాన్‌హైడ్రైడ్ గ్రాఫ్ట్ చేసిన పీపీ, అంటే వ్యాపారంలో ఎంఏపీపీ అనేది, 3 కిలోలు. ఫీనాలిక్, ఫాస్ఫైట్ యాంటీ ఆక్సిడెంట్ల మిశ్రమం 300 గ్రాములు. పీఈ వాక్స్ లేదా ఈస్టర్ రకం లూబ్రికెంట్ 700 గ్రాములు. కవర్ కటింగ్‌లో బీఓపీపీ ఉంటే ఆ మేరకు పీపీ తగ్గించుకోవాలి, కటింగ్ బరువు పెంచాలి. కవర్ బరువులో ఫిల్మ్ ఎంతో ఒకసారి వొలిచి, ఆరబెట్టి, తూచి చూసుకోండి.

జింక్ స్టియరేట్, కాల్షియం స్టియరేట్ వేయకండి. ఇది చాలామందికి తెలియక జరిగే పొరపాటు. మన కాంపౌండర్లు అలవాటుగా అన్నింట్లో గుప్పెడు స్టియరేట్ వేస్తారు. ఆ లోహం ఎంఏపీపీలోని యాన్‌హైడ్రైడ్‌తో ముందే కలిసిపోయి, పీచును పట్టుకోవాల్సిన చేతుల్ని కట్టేస్తుంది. ఖరీదైన కప్లింగ్ ఏజెంట్ వేసి కూడా బలం రాలేదంటే ముందు చూడాల్సింది లూబ్రికెంట్ డబ్బా మీద లేబుల్. పీపీ బదులు హెచ్‌డీపీఈ (ఒక రకం పాలిథిన్) బేస్ అయితే ఎంఏపీపీ కాదు, పాలిథిన్ మీద గ్రాఫ్ట్ చేసిన రకం తీసుకోండి.

ఎంఏపీపీ లేకుండా చేస్తే గట్టిదనం వస్తుంది కానీ లాగుడు బలం ఉత్త పీపీ కంటే పడిపోతుంది. సరిగ్గా కలిస్తే 30 శాతం దగ్గర వంపు మాడ్యులస్ (వంగకుండా నిలిచే గట్టిదనం) పీపీకి రెట్టింపు దాకా వెళ్తుంది, లాగుడు బలం కూడా కొంత పెరుగుతుంది. దానికి బదులు సాగుడు గుణం పోతుంది. ఉత్త పీపీ వంద శాతం పైగా సాగితే ఇది 2 నుంచి 4 శాతానికే తెగుతుంది. దెబ్బకు తట్టుకోవడమూ తగ్గుతుంది. పీపీలో దెబ్బకు ఎక్కువ తట్టుకునే కోపాలిమర్ గ్రేడ్ తీసుకుంటే కొంత నయం.

కాంపౌండింగ్

కో-రొటేటింగ్ ట్విన్ స్క్రూ, ఎల్-డీ నిష్పత్తి (స్క్రూ పొడవు దాని వ్యాసానికి ఎన్ని రెట్లో) 40 ఉన్నది కావాలి. పీపీ, ఎంఏపీపీ మెయిన్ హాపర్‌లో. అవి కరిగాక, బ్యారెల్ మధ్యలో సైడ్ ఫీడర్ నుంచి కాగితం. దాని తర్వాత మామూలు వెంట్, డై ముందు వాక్యూమ్ వెంట్. మెయిన్ హాపర్‌లోనే అన్నీ కలిపి పోస్తే రెండు చెడులు జరుగుతాయి. కరగని గింజల మధ్య పడి పీచు నలుగుతుంది, ఆవిరి వెనక్కి తన్ని హాపర్ గొంతులో మాల్ గడ్డకడుతుంది.

ఉష్ణోగ్రత ఇక్కడ మొత్తం ఆట. పీపీ 160, 165 దగ్గర కరుగుతుంది. కాగితం 200 దాటితే రంగు మారి చిట్లడం మొదలుపెడుతుంది. మీకు దొరికేది ఈ 35 డిగ్రీల సందు మాత్రమే. నైలాన్, పెట్ లాంటివాటిలో కాగితం కలపకపోవడం కూడా ఇందువల్లే. జోన్లు 165 నుంచి 185 మధ్య పెట్టండి, డై 180. అయితే ప్యానెల్ మీద అంకెను నమ్మొద్దు. స్క్రూ రాపిడితో మెల్ట్ వేడి సెట్టింగ్ కంటే 15, 20 డిగ్రీలు ఎక్కువ ఉండొచ్చు. డై దగ్గర వచ్చే ముద్దలో ప్రోబ్ థర్మామీటర్ గుచ్చి చూడండి. 200 చూపిస్తే జోన్లు కాదు, ముందు స్పీడ్ తగ్గించండి.

డై ముందు 80, 100 మెష్ జాలీ పెడితే నిమిషాల్లో మూసుకుపోతుంది. 20 మెష్ ఒకటి, లేదా బ్రేకర్ ప్లేట్ మాత్రమే.

ఫీడింగ్ విషయంలో దూదిలాంటి పీచు హాపర్‌లో వంతెన కట్టి ఆగిపోతుంది. ఆపరేటర్ కర్రతో పొడుస్తాడు, ఒక్కసారిగా దిగుతుంది. ఇలా ఒక నిమిషం 15 శాతం, మరో నిమిషం 45 శాతం పోతుంది. పేరుకు 30 శాతం దానా. ఫోర్స్ ఫీడర్, అంటే హాపర్‌లోనే నొక్కే స్క్రూ ఉన్నది పెట్టాలి. దాణా పెల్లెట్ మిల్లులో కాగితాన్ని గుళికలు చేసి వేద్దామనే ఆలోచన కూడా వస్తుంది. మరీ గట్టిగా నొక్కితే ఆ గుళిక స్క్రూలో విడిపోదు. వేలితో నలిపితే చిట్లే మెత్తదనం ఉండాలి. పీపీ గింజల్ని, కాగితం పీచును ఒకే సంచిలో కలిపి పోయడం మాత్రం వద్దే వద్దు, బరువైన గింజలు అడుక్కి పోతాయి. కలిపి పోయాల్సి వస్తే పీపీ పౌడర్ వాడండి.

మీ దగ్గర సింగిల్ స్క్రూ మాత్రమే ఉంటే 15 శాతం దాటకండి, అదీ అగ్లో లేదా హై స్పీడ్ మిక్సర్‌లో ముందే కూడగట్టిన మాల్‌తోనే.

తీగలు నీళ్ల తొట్టిలోంచి ఎక్కువ దూరం లాగకండి. కోసిన చివర్ల నుంచి దానా నీళ్లు పీలుస్తుంది. తక్కువ మునక, వెంటనే ఎయిర్ నైఫ్. వీలైతే గాలితో చల్లార్చే బెల్టు.

తీగను చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. నురుగులా ఉబ్బి, తేలిగ్గా ఉంటే తేమ. చాక్లెట్ రంగు, మాడిన చక్కెర వాసన ఉంటే వేడి. తెల్ల చుక్కలుంటే పీచు విడలేదు. ఒకచోట నున్నగా, ఇంకోచోట గరుకుగా ఉంటే ఫీడింగ్ తేడా. తర్వాత ఒక మోల్డ్ ముక్కను చేత్తో విరిచి, విరిగిన ముఖాన్ని పది రెట్ల భూతద్దంలో చూడండి. పొడుగాటి పీచులు నున్నగా ఊడివచ్చి, వెనక చిన్న గుంటలు మిగిల్చి ఉంటే కప్లింగ్ పని చేయలేదు. పీచులు విరిగిన ముఖానికి సమంగా తెగి, మొదట్లో ప్లాస్టిక్ అంటుకుని ఉంటే పట్టు కుదిరినట్టే. ల్యాబ్ రిపోర్ట్ వచ్చేలోపు ఇది చాలు.

మోల్డింగ్

దానాను 90 నుంచి 100 డిగ్రీల దగ్గర 3, 4 గంటలు హాపర్ డ్రయ్యర్‌లో పెట్టాలి. తేమ 0.2 శాతం లోపల ఉండాలి. మామూలు పీపీకి ఈ అలవాటు లేదు కాబట్టి ఆపరేటర్లు దాటేస్తారు.

బ్యారెల్ 175 నుంచి 190. పీపీని 220, 230లో తోలే చేయి అలవాటుగా వేడి పెంచుతుంది. ముక్క నిండకపోతే వేడి పెంచొద్దు, గేటు (మాల్ మోల్డులోకి దిగే రంధ్రం) పెద్దది చేయండి, ప్రెషర్, వేగం సర్దండి. బ్యాక్ ప్రెషర్ తక్కువ. మాల్ బ్యారెల్‌లో ఐదు నిమిషాలకు మించి నిలవకూడదు, అందుకే పెద్ద మెషిన్‌లో చిన్న ముక్క తీయడం తప్పు. షాట్ బరువు బ్యారెల్ సామర్థ్యంలో సగానికి తగ్గకుండా చూసుకోండి. భోజనానికి మెషిన్ ఆపాలంటే ఉత్త పీపీతో కడిగి ఆపాలి. మాల్ వెళ్లే దారులు వేడిగానే ఉండే హాట్ రన్నర్ మోల్డుల్లో మూలల్లో నిలిచిన మాల్ మాడి నల్ల చారలిస్తుంది. మీ ఎగ్జామ్ ప్యాడ్ మోల్డు కోల్డ్ రన్నర్ అయితే అదృష్టం.

ఇంకో జాగ్రత్త. పీపీ సంకోచం 1.5 నుంచి 2 శాతం ఉంటే ఈ కాంపౌండ్‌ది దాదాపు అందులో సగమే. పీపీకి తయారు చేసిన మోల్డులో తీస్తే ప్యాడ్ కొంచెం పెద్దదిగా వస్తుంది. ప్యాడ్‌కు ఫర్వాలేదు. మూత-డబ్బా లాంటి జతలకు ఇదే సమస్య. రంగు ముదురువే వస్తాయి: నలుపు, గోధుమ, ముదురు ఆకుపచ్చ. తెలుపు, లేత రంగులు ఆశించొద్దు. ప్రింటింగ్ సిరా మొత్తాన్ని బూడిదవైపు లాగుతుంది.

ఏ వస్తువులకు

ఎగ్జామ్ ప్యాడ్, ఫైల్ ట్రే, పెన్ స్టాండ్, బట్టల హ్యాంగర్లు, దారం కోన్లు, కేబుల్ డ్రమ్ములు, ఇంట్లో పెట్టే కుండీలు. గట్టిగా ఉండాలి, ఎక్కువ దెబ్బ తగలదు, ఎండలో పడి ఉండదు అన్నవన్నీ.

బకెట్ వద్దు. కింద పడితే పగులుతుంది, ఎప్పుడూ తడిలో ఉంటుంది. 24 గంటల నీటి పరీక్షలో పెద్దగా ఉబ్బదు, కానీ నెలల తరబడి తడిలో ఉంటే గీతలు పడ్డ చోట, గేటు కోసిన చోట పీచు నీళ్లు తాగుతూ పోతుంది. కుర్చీ వద్దు, కాలు విరిగితే మనిషి పడతాడు. తినుబండారాల డబ్బాలు, నీళ్ల సీసాలు, పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మలు అసలే వద్దు. అచ్చు కాగితంలో తినుబండారాలు చుట్టడాన్నే ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) 2018 ప్యాకేజింగ్ నిబంధనల్లో వద్దంది. అదే సిరా కలిసిన ప్లాస్టిక్ తిండికి ఎలా పనికొస్తుంది? కరెంటు సామాను, మడత పడే బందులు, క్లిప్ లాక్‌లు కూడా వద్దు.

తిరిగి వాడుక గురించి ఒక్కటి గట్టిగా చెప్పాలి. మన దగ్గర పాత ప్లాస్టిక్‌ను రకాలుగా వేరుచేసేది ఎక్కువగా నీళ్ల తొట్టిలో. పీపీ తేలుతుంది, పెట్, పీవీసీ మునుగుతాయి. 20 శాతం కాగితం కాంపౌండ్ సాంద్రత 0.98, 0.99 దగ్గర ఉండి ఎలాగోలా తేలుతుంది. 30 శాతం అయితే 1.03, మునిగిపోయి పీవీసీ, పెట్ ముక్కల్లో కలుస్తుంది. పైగా మామూలు పీపీ స్క్రాప్‌లో పడి 240 డిగ్రీల మెషిన్‌కు పోతే మాడి మొత్తం బ్యాచ్‌ను పాడు చేస్తుంది. అందుకే ముక్క మీద "పీపీ, సెల్యులోజ్" అని, శాతంతో సహా అచ్చులోనే చెక్కించండి. మీ దగ్గరి రన్నర్లు, తప్పు ముక్కలు బయటికి అమ్మకండి, గ్రైండ్ చేసి మీ కాంపౌండ్‌లోనే 20 శాతం దాకా తిరిగి కలుపుకోండి.

ట్రయల్ ఎలా వేయాలి

మెషిన్లు కొనే ముందు జాబ్ వర్క్‌కు ఇవ్వండి. సైడ్ ఫీడర్ ఉన్న మాస్టర్‌బ్యాచ్ (రంగు దానా చేసే) యూనిట్‌ను వెతకండి, హైదరాబాద్ చుట్టుపక్కల పారిశ్రామికవాడల్లో దొరుకుతాయి. కాగితం మీరే ఆరబెట్టి, లైనర్ సంచుల్లో కట్టి తీసుకెళ్లండి. నాలుగు రకాలు, ఒక్కోటి 25 కిలోలు చేయించండి: ఇప్పుడు వాడుతున్న టాల్క్ కాంపౌండ్, 20 శాతం కాగితం ఎంఏపీపీ లేకుండా, 20 శాతం ఎంఏపీపీతో, 30 శాతం ఎంఏపీపీతో. రెండోది ఎందుకంటే ఎంఏపీపీకి పెట్టే డబ్బు ఏం తెచ్చిందో కళ్లకు కనబడాలి. నాలుగింటినీ ఒకే మోల్డులో, ఒకే రోజు తీయించండి.

టెస్టులకు హైదరాబాద్ చర్లపల్లిలో, విజయవాడలో సిపెట్ (ప్లాస్టిక్ పరీక్షలు చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) కేంద్రాలున్నాయి. టెన్సైల్ (లాగుడు), ఫ్లెక్సురల్ (వంపు), ఐజోడ్ ఇంపాక్ట్ (దెబ్బ), సాంద్రత, 24 గంటల నీటి పీల్చుదల, బూడిద శాతం అడగండి. బూడిద పరీక్ష 525 డిగ్రీల దగ్గర చేయమనండి. 900 దగ్గర చేస్తే కాగితంలోని సున్నపురాయి పొడి విరిగిపోయి అంకె తక్కువ చూపిస్తుంది, మీ కటింగ్‌లో ఎంత ఖనిజం ఉందో తేలదు.

ప్యాడ్ల మీద మీరే చేయగల పరీక్ష ఒకటుంది. రెండు చివర్లా ఆనించి నడుమ ఐదు కిలోల బరువు పెట్టి ఒక వారం వదిలేయండి. టాల్క్ ప్యాడ్ పక్కనే అలాగే పెట్టండి. రోజూ ఒకే వేళకు నడుమ ఎంత కుంగిందో స్కేలుతో కొలిచి రాసుకోండి. తర్వాత బరువు తీసి, మర్నాడు ఎంత వెనక్కి వచ్చిందో చూడండి. ఆ అంకెలు, విరిగిన ముఖం ఫొటో, మీ కవర్ కటింగ్‌లో ఫిల్మ్ శాతం ఇక్కడ పెడితే మీ ఫార్ములా ఎటు సర్దాలో చెప్పగలను.